ఖాళీ చేసిన ఇంటి తాళం ఎవరికిస్తున్నాం?

(విశాఖపట్నంలో కాంపస్ క్వార్టర్స్, హాస్టళ్ల నివాసుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. క్వార్టర్స్ నుంచి, హాస్టళ్ల నుంచి, ఇంజినీరింగ్ సెక్షన్ నుంచి ఆదివారం పూట తీరిక చేసుకుని వచ్చారు. చాలా సంతోషం.

యూనివర్సిటీ కాంపస్‌లో ఊరికి ఉండాల్సినవన్నీ ఉంటాయి. బడి, డిస్పెన్సరీ, బ్యాంకు, పోస్టాఫీసు, టీ బడ్డీ, ఆటస్థలం, పెద్దవాళ్లు సాయంత్రం కూర్చునే సిమెంటు బల్లలు. సొంతిల్లు మాత్రం ఎవరికీ ఉండదు. పీజీ పిల్లలు రెండేళ్లుంటారు, ఇంజినీరింగ్ పిల్లలు నాలుగేళ్లు, రీసెర్చి స్కాలర్లు ఐదారేళ్లు, ఉద్యోగులు పాతికేళ్లో ముప్పై ఏళ్లో. అందరూ ఏదో ఒకరోజు తాళం అప్పజెప్పి వెళ్లేవాళ్లే. వెళ్తూ వెళ్తూ సామాన్లతో పాటు ఇంకొకటి కూడా పట్టుకుపోతారు. ఏ వాల్వు తిప్పితే ఏ బ్లాకుకు నీళ్లు ఆగుతాయి, ఏ మ్యాన్‌హోలు వానకు పొంగుతుంది, ఏ కొమ్మ కరెంటు తీగ మీదికి వాలి ఉంది అన్న తెలివిడి. పల్లెటూళ్లో అయితే ఇలాంటివి తాతను అడిగితే చెబుతాడు. మన తాత రిటైరై మధురవాడ వైపో ఎంవీపీ కాలనీలోనో ఇల్లు చూసుకుని వెళ్లిపోయాడు. కాబట్టి కాంపస్‌కు తాత స్థానంలో ఒక రిజిస్టరు ఉండాలి. ఇవాళ నేను మాట్లాడేదంతా ఆ రిజిస్టరులో ఏం రాయాలి, ఎందుకు రాయాలి అన్నదే.

మన ఊళ్లో ఈ ఖాళీ చేయడం, మళ్లీ రావడం కొత్తేమీ కాదు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు, అంటే మన ఆంధ్రా యూనివర్సిటీ, 1926లో పుట్టింది బెజవాడలో. కట్టమంచి రామలింగారెడ్డిగారు మొదటి వైస్ ఛాన్సలర్. 1930లో విశాఖలోని ఈ వాల్తేరు మెట్టకు వచ్చింది. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో, 1942 ఏప్రిల్ 6న విశాఖ మీద జపాన్ బాంబులు పడ్డాయి. ఆ యుద్ధకాలంలో ఇక్కడి భవనాలు సైన్యం చేతికి వెళ్లాయి, యూనివర్సిటీ గుంటూరుకు తరలింది, యుద్ధం ముగిశాక తిరిగొచ్చింది. మొత్తం కాంపస్సే ఇల్లు ఖాళీ చేసి, మళ్లీ తాళం తీసుకున్న చరిత్ర అది. ఈ మెట్ట మీద ఒకవైపు సముద్రం, కింద ఎర్రమట్టి, ఏడాది పొడవునా ఉప్పుగాలి. కాబట్టి ఇళ్ల సంగతి చెప్పేటప్పుడు హైదరాబాదు లెక్కలు ఇక్కడ పనికిరావు.

ముందుగా క్వార్టరు అప్పగింత. ఇప్పుడు చాలాచోట్ల జరిగేదేమిటంటే, నో డ్యూ సర్టిఫికెట్ మీద సంతకం, తాళం చెవి ఒకటి, కరెంటు బిల్లు రసీదు. అంతటితో సరి. నేను కోరేది అరగంట పని. ఖాళీ చేసేవాళ్లు, ఇంజినీరింగ్ సెక్షన్ నుంచి ఒకరు, బ్లాకు ప్రతినిధి, ముగ్గురూ కలిసి ఇల్లు తిరగాలి. కుళాయిలన్నీ ఒక్కొక్కటిగా విప్పి కట్టాలి. ఫ్లష్ ట్యాంకులో చిటికెడు మిఠాయి రంగు కలిపి, ఇరవై నిమిషాలు ఫ్లష్ చేయకుండా వదిలేయాలి. కింద కమోడులో రంగు కనబడితే లోపలి వాషరు పోయినట్టే. ఈ లీకు చప్పుడు చేయదు, కంటికీ కనబడదు. చిన్న లీకుకు ఎంత పోతుందిలే అనిపిస్తే, కారే కుళాయి కింద లీటరు సీసా పెట్టి కొలవండి. సన్నటి ధారకు రెండు నిమిషాల్లో సీసా నిండితే రోజుకు 720 లీటర్లు. ఐదుగురున్న ఇంటికి ఒక రోజుకు సరిపడే నీళ్లవి.

తర్వాత మెయిన్ బోర్డు. పాత క్వార్టర్లలో వైరింగు ఫ్యాన్లకు, బల్బులకు వేసింది. రెండు కిలోవాట్ల గీజరు దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. దానికి 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, ఏసీకి 4 చదరపు మిల్లీమీటర్లది మెయిన్ బోర్డు నుంచి విడిగా లాగాలి. ఫ్యూజు పదేపదే పోతోందని లావు తీగ చుట్టేసినవాళ్లుంటే, ఆ సంగతి అప్పగింత కాగితంలో ఎర్ర ఇంకుతో రాయండి. ఫ్యూజు పోవాల్సిన చోట పోకపోతే గోడలో తీగ కాలుతుంది. హాస్టళ్లలోనూ ఇదే కథ. 1500 వాట్ల కెటిల్స్ ఒక అంతస్తులో ఇరవై ఒకేసారి పెడితే 30 కిలోవాట్లు. పిల్లల్ని తిట్టి లాక్కోవడం కన్నా అంతస్తుకొక పాంట్రీ, అంటే చిన్న వంటగది, అందులో సరైన తీగతో రెండు పాయింట్లు ఇవ్వడం మేలని నా గట్టి అభిప్రాయం. రాత్రి రెండింటికి చదువుకునే పిల్లకు వేడినీళ్లు కావాలనిపించడం తప్పు కాదు కదా.

ఇల్లు ఖాళీగా ఉన్న కాలం చాలా కీలకం. ఎలాట్‌మెంట్ ఆర్డరు రావడానికి ఆర్నెల్లు పడితే, ఆర్నెల్లూ ఆ ఇల్లు పాడవుతూనే ఉంటుంది. స్నానాలగదిలో నీళ్లు పోయే చోట, నేలలో నహానీ ట్రాపు ఉంటుంది. అందులో రెండంగుళాల మేర నీళ్లు నిలిచి, డ్రైనేజీ గాలిని, బొద్దింకల్ని పైకి రాకుండా ఆపుతాయి. వాడకం లేకపోతే కొన్ని వారాల్లో ఆ నీళ్లు ఆవిరైపోతాయి. అప్పుడు మురుగు వాసన ఇంట్లోకి, అక్కణ్ణుంచి పక్కింటికి. మందు చాలా చిన్నది. ప్రతి ట్రాపులో రెండు చెంబుల నీళ్లు, పైన ఒక చెంచా వంటనూనె. నూనె పొర ఉంటే నీరు త్వరగా ఆవిరి కాదు. మూల గదిలో గోడ వెంబడి మట్టి గీత లాంటిది పాకితే అది చెదల దారి. చెరిపేస్తే ఇంకో దారి వేసుకుంటాయి. గోడ అడుగున మందు పెట్టించాలి. ఖాళీ ఇళ్లకు వారానికోసారి పావుగంట. కిటికీలు తెరవడం, ట్రాపులు తడపడం, చెదలు చూడటం, తేదీ వేసి సంతకం చేయడం.

ఇంతకన్నా ప్రమాదకరమైంది సన్‌షేడ్, అంటే కిటికీ మీద ముందుకొచ్చే కాంక్రీటు పలక. దీని గురించి కాస్త నెమ్మదిగా చెబుతాను, ఎందుకంటే దీని కిందే మన పిల్లలు సైకిళ్లు పెడతారు. ఉప్పుగాలిలోని క్లోరైడు కాంక్రీటు సందుల్లోంచి లోపలి ఇనుప చువ్వ దాకా చేరుతుంది. చువ్వ తుప్పు పడుతుంది. తుప్పు ఇనుముకన్నా రెండు మూడు రెట్లు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ చోటు తీసుకుంటుంది. లోపల్నుంచి నెట్టేసరికి కాంక్రీటు పెచ్చులుగా లేస్తుంది. మొదట చువ్వ ఉన్న వరసలోనే సన్నటి గీత కనబడుతుంది, ఆ గీత దగ్గర గోధుమరంగు మరక. చిన్న సుత్తితో తట్టి చూడండి. గట్టి కాంక్రీటు ఖంగుమంటుంది, పెచ్చు లేచిన చోట డొల్ల చప్పుడు వస్తుంది. అక్కడ సున్నం వేసి, పైపూత పూసి వదిలేయడం అన్నది జబ్బును దాచడమే. డొల్ల భాగమంతా చువ్వ వెనక దాకా కొట్టేయాలి. వైరు బ్రష్షుతో తుప్పు గీకాలి. చువ్వ బాగా సన్నబడితే పక్కన కొత్తది కట్టాలి. తుప్పు నిరోధక పూత, ఆపై పాత కాంక్రీటుకు అతుక్కునే పూత, అది తడిగా ఉండగానే పాలిమర్ మోర్టారు, అంటే పాలిమర్ కలిపిన సిమెంటు, ఇసుక ముద్ద. గట్టిపడ్డాక, ఆ సరుకు డబ్బా మీద రాసినన్ని రోజులు తడపాలి. మోర్టారు కలపడానికి, తడపడానికి వాడే నీళ్లు ఉప్పునీళ్ల బోరువైతే మనమే మళ్లీ క్లోరైడు పోసినట్టు. మేస్త్రి పక్కన నిలబడి చూసుకోవాల్సింది ఈ ఒక్కటే.

బోరు మాట వచ్చింది గనక నీళ్ల సంగతి చెబుతాను. మన నగరానికి తాటిపూడి, రైవాడ, మేఘాద్రిగెడ్డ జలాశయాలు, ఏలేరు కాలువ లాంటి వనరుల నుంచి నీళ్లు రావాలి. అవి చాలని రోజున బోర్లు ఎడాపెడా తోడేస్తాం. తీరం పక్కన భూమిలో మంచినీరు ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. మంచినీటి మట్టం సముద్ర మట్టానికి ఒక మీటరు పైనుంటే, కింద సుమారు 40 మీటర్ల వరకు మంచినీరు నిలుస్తుందని సూత్రం. ఆ మీటరులో సగం తోడేస్తే కింద ఇరవై మీటర్లు ఉప్పునీరు పైకొస్తుంది. మన కొండరాయి నేలలో ఇది అచ్చంగా ఇంత లెక్క ప్రకారం నడవకపోవచ్చు గానీ, దిశ ఇదే. బోరు నీళ్ల రుచి మారిందన్న మాట ఎవరైనా అంటే తేదీతో సహా రిజిస్టరులో రాయండి. ఆ బోరును ఏకబిగిన నడపకుండా కాసేపు నడిపి కాసేపు ఆపండి.

ఆ మీటరు ఎత్తు మంచినీటి మట్టాన్ని నిలబెట్టేది వాన నీరు. విశాఖలో ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్ల లెక్క పెట్టుకున్నా, వంద చదరపు మీటర్ల డాబా మీద లక్ష లీటర్లు పడతాయి. పోయేది పోగా 80 వేల లీటర్లు ఇంకుడు గుంతలోకి పంపొచ్చు. తొలి వానలో మొదటి రెండు మిల్లీమీటర్లు, అంటే 200 లీటర్లు, దుమ్ము, కాకి రెట్టలతో వస్తాయి కాబట్టి బయటికి వదిలేయాలి. ఇంకుడు గుంతలు ఎందుకు పాడవుతాయంటే, ఎర్రమట్టి కొట్టుకొచ్చి పైనున్న ఇసుక పొర మూసుకుపోతుంది. ఏటా మే నెలలో ఆ పై పొర నాలుగంగుళాలు తీసి, కడిగి మళ్లీ వేయాలి. గుంత తవ్విన ఏడాది ఫొటో ఉంటుంది, ఆ తర్వాత కడిగిన దాఖలా ఉండదు. ఎందుకంటే తవ్వించిన మాస్టారు బదిలీ అయ్యో రిటైరయ్యో వెళ్లిపోయుంటారు.

హాస్టల్ ట్యాంకుకు లెక్క వేరు. మనిషికి రోజుకు 135 లీటర్లనుకుంటే మూడొందల మందికి 40,500. క్లోరినేషన్‌కు వెయ్యి లీటర్లకు 2.5 గ్రాముల బ్లీచింగ్ పౌడరు, అంటే పదివేల లీటర్ల ట్యాంకుకు 25 గ్రాములు. పొడిని నేరుగా ట్యాంకులో చల్లకూడదు. ప్లాస్టిక్ బకెట్లో కొద్ది నీళ్లతో ముద్ద చేసి, నీళ్లు పోసి కలిపి, పది నిమిషాలు తేరనిచ్చి, పైతేట మాత్రమే పోయాలి. అడుగున మిగిలేది సున్నం. తర్వాత గంటసేపు నీళ్లు వదలొద్దు. చివరి గది కుళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలి. క్లోరోస్కోపుతో చూస్తే రెండు నిమిషాల్లో తెలుస్తుంది. అన్నీ సరిగ్గా చేసినా క్లోరిన్ కనబడలేదంటే, సంచి మూతి విప్పి ఉంచారేమో చూడండి. తాజా పౌడరులో 33 శాతం దాకా క్లోరిన్ ఉంటుంది. మన తేమలో తెరిచిన సంచి వారాల్లోనే చప్పబడిపోతుంది.

ఇక మెస్సు. డివైడింగ్ సిస్టమ్, అంటే నెల ఖర్చును అందరూ తిన్న రోజులతో భాగించి వంతులు వేయడం, అందరికీ తెలుసు గానీ, ఎక్కడ తప్పుతుందో కొందరికే తెలుసు. లెక్క కోసం ఒక నెల తీసుకుందాం. నెల మొదట్లో స్టోరులో ఉన్న సరుకు 60 వేలు. నెలలో కొన్నది 5 లక్షల 20 వేలు. నెలాఖరున మిగిలింది 76 వేలు. ఖర్చయింది 5 లక్షల 4 వేలు. భోంచేసిన రోజులు అందరివీ కలిపి 6,300. రోజుకు 80 రూపాయలు. ఇప్పుడు నెలాఖరున స్టోరు తూకం వేయలేదనుకోండి. 5 లక్షల 80 వేలను భాగించాలి, రోజుకు 92 పైన పడుతుంది. ముప్పై రోజులు తిన్న పిల్లాడి మీద సుమారు 360 రూపాయలు అదనం. ఆ సరుకంతా వచ్చే నెల వాళ్లు తింటారు. పరీక్షలై వెళ్లిపోయే ఫైనలియర్ పిల్లలు, జూన్‌లో వచ్చే కొత్తవాళ్ల బియ్యానికి డబ్బు కట్టి వెళ్తున్నారన్నమాట. పేదింటి పిల్లలకు 360 రూపాయలు చిన్న మొత్తం కాదు. నెలాఖరు రాత్రి ఇద్దరు విద్యార్థులు, స్టోర్ కీపరు కలిసి తూకం వేసి సంతకాలు పెట్టండి. గెస్టు భోజనాలకు కూపను తప్పనిసరి చేయండి.

సంక్రాంతి సెలవులకు మెస్సు మూసేస్తారు. ఒడిశా దాటి వచ్చినవాళ్లు, ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్లు, ఊరికి వెళ్లడానికి చార్జీలు లేనివాళ్లు గదుల్లోనే ఉండిపోతారు. భోగికి వారం ముందు వార్డెన్ దగ్గర జాబితా తీసుకోండి. ఎవరు ఏం తింటారో, ఏం తినరో ముందే అడగండి. ఇంటికిద్దరు చొప్పున మూడు రోజులు. నలభై ఇళ్లుంటే ఎనభై మందికి పండగ భోజనం. ఇది దానం చేస్తున్నట్టు ఉండకూడదు. ముగ్గు వేయడానికో పిండివంటకు పిండి కలపడానికో వాళ్లను పొద్దున్నే పిలవండి. ఆ పిల్లలు తర్వాత ఏడాదంతా దారిలో కనబడితే పలకరిస్తారు. కాలనీలో ఒంటరిగా ఉండే పెద్దవాళ్లకు రాత్రిపూట సాయానికి వచ్చేది కూడా వాళ్లే.

ఆకుల సంగతి. ఫిబ్రవరి, మార్చి నెలల్లో కానుగ, వేప, బాదం రాల్చే ఆకును తగలబెట్టడం మానేద్దాం. మీటరు ఎత్తు, నాలుగడుగుల వెడల్పున ఇనుప మెష్‌ను గుండ్రంగా నిలబెట్టండి. జానెడు ఎండాకు, రెండంగుళాలు వంటింటి తడి చెత్త, గుప్పెడు పాత ఎరువు, అలా వరసలు. పిడికిట పట్టి పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి, అదే సరైన తడి. నాలుగో రోజుకి చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతుంది. పది రోజులకోసారి తిరగేస్తే మూడు నెలల్లో ఎరువు. వాసనొస్తే తడి ఎక్కువైంది, ఆకు కలపండి. వేడెక్కకపోతే సముద్రపు గాలికి ఆరిపోయింది, నీళ్లు చల్లి గోనె కప్పండి. సరుగుడు ఆకు విడిగా పెట్టండి, అది కుళ్లడానికి చాలాకాలం పడుతుంది. ఈ ఆకు ఊడ్చే అమ్మలకు ఏ చెట్టు ఎప్పుడు రాలుతుందో మనకన్నా బాగా తెలుసు. వాచ్‌మన్‌కు ఏ లైటు ఎన్నాళ్ల నుంచి వెలగడం లేదో తెలుసు. రిజిస్టరులో సగం పేజీలు వాళ్ల నోటి నుంచే రావాలి. కాబట్టి సమావేశం వాళ్ల డ్యూటీ వేళల్లోనే పెట్టి, కుర్చీ వేసి కూర్చోబెట్టి అడగాలి.

చివరిగా తుఫాను. 2014 అక్టోబరు 12, హుద్‌హుద్. విశాఖలో ఎవరికీ ఆ తేదీ గుర్తు చేయక్కర్లేదు. కరెంటు రోజుల తరబడి రాలేదు, మోటారు నడవలేదు, నీళ్లు లేవు. చెట్లు వేళ్లతో సహా లేచాయి. గాలి ఎంత కారణమో, మనం చేసిన తప్పులూ అంతే కారణం అవుతాయి. కేబులు కోసం, పైపు కోసం చెట్టు మొదలు పక్కనే ట్రెంచి తవ్వితే ఒకవైపు వేళ్లు తెగిపోతాయి. మొదలు చుట్టూ కాంక్రీటు పోస్తే వేళ్లు ఊపిరాడక పైపైనే పాకుతాయి. మొదలు నుంచి కనీసం మీటరు మట్టి వదలండి, పెద్ద చెట్టయితే ఇంకా దూరం. తురాయి, పచ్చతురాయి లాంటి పెళుసు కొమ్మలవి ఇళ్ల పక్కన వద్దు. సెప్టెంబరులోపు ఎండు కొమ్మలు, తీగల మీదివి తీయించండి. తల మొత్తం నరికేస్తే మోడు నుంచి వచ్చే కొత్త కొమ్మలు పైపైన అంటుకుని ఉంటాయి, తర్వాతి గాలికి అవే విరుగుతాయి.

తుఫాను హెచ్చరిక వచ్చిన రోజే ట్యాంకులన్నీ నింపి, బ్లాకుల వాల్వులు కట్టేయాలి. ఒక్క పైపు పగిలితే మొత్తం ట్యాంకు ఖాళీ కాకుండా ఉండటానికి. ఆ తర్వాత ఒక్కో బ్లాకుకు వంతులవారీగా పూటకు అరగంట నీళ్లు వదలాలి. ఇదంతా జరగాలంటే ఏ వాల్వు ఏ బ్లాకుదో చీకట్లో టార్చిలైటు వేసి చూసినా తెలియాలి. ఇవాళ ఆ సంగతి నలుగురికే తెలుసు. వాళ్లలో ఇద్దరు వచ్చే మార్చికి రిటైరవుతున్నారు. ఇద్దరూ ఇక్కడే కూర్చున్నారు.

బయట రెండు డబ్బాల పసుపు పెయింటు, బ్రష్షులు, కాలనీ మ్యాపు ఉన్నాయి. ఎండ తగ్గింది. వాళ్లిద్దర్నీ ముందు నడవనిద్దాం. పంపుహౌసు పక్క వాల్వు నుంచి మొదలుపెట్టి నంబర్లు వేసుకుంటూ వెళ్దాం. విద్యార్థులెవరైనా మ్యాపు పట్టుకుని, నంబరు, బ్లాకు, ఎటు తిప్పాలో రాసుకోండి. రండి.